ఇరవై ఏళ్ళు అకామా కట్టినా

1959 డిసెంబర్‌లో కువైట్ పాలకుడు షేక్ అబ్దుల్లా అల్ సాలిం అల్ సబా పౌరసత్వ చట్టాన్ని వెలువరించే నాటికి ఆ దేశపు బజార్లలో చెల్లుతున్నది రూపాయే. గల్ఫ్ కోసమని మన రిజర్వు బ్యాంకు ఆ ఏడాదే ప్రత్యేకంగా తెచ్చిన రూపాయి అది. 1961 ఏప్రిల్‌లో దినారు వచ్చినప్పుడు పదమూడు రూపాయల చిల్లరకు ఒక దినారు చొప్పున మార్చి ఇచ్చారు. ఇప్పుడదే దినారు మూడు వందల రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంది. రూపాయి అక్కడి నుంచి వచ్చేసింది, దినార్ల కోసం మనవాళ్ళు పోయారు. నేడు కువైట్‌లో భారతీయులు దాదాపు పది లక్షలు. మన విదేశాంగ శాఖ లెక్కలో ఆ దేశ జనాభాలో 21 శాతం, పనిచేసేవాళ్ళలో 30 శాతం.

వీళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. రాయచోటి, రాజంపేట, కడప, రైల్వేకోడూరు చుట్టుపక్కల పల్లెల్లో, గోదావరి జిల్లాల్లో, తెలంగాణలో జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ సంపాదన ఎరగని వీధి కోసం వెతకాలి. మగవాళ్ళు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, వంటవాళ్ళుగా పోతారు. ఆడవాళ్ళు ఎక్కువగా ఖాదిం వీసా మీద ఇళ్ళల్లో పనికి. చదువుకున్నవాళ్ళు ఆయిల్ కంపెనీల్లో, ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో ఉంటారు. అకామా (నివాస అనుమతి) రెన్యువల్‌కి ఎంతవుతుందో, కఫీల్ (స్పాన్సరు) ఎంత అడుగుతాడో, గడువు దాటితే రోజుకు జరిమానా ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కువైట్ పౌరసత్వానికి ఫీజు ఎంత అని అడిగితే మాత్రం నవ్వుతారు.

ఆ నవ్వుకు కారణం చట్టంలోనే ఉంది.

1959 నాటి 15వ నంబరు అమీరీ డిక్రీ ప్రకారం 1920కి ముందే కువైట్‌లో స్థిరపడి, చట్టం వచ్చేదాకా అక్కడే ఉన్నవాళ్ళు, వాళ్ళ వారసులు అసలు కువైటీలు. ఊరి చుట్టూ గోడ కట్టుకున్న, జహ్రా యుద్ధం జరిగిన సంవత్సరమది. ఆ తర్వాత పుట్టినవాళ్ళకు పౌరసత్వం తండ్రి నుంచి వస్తుంది. కువైట్ గడ్డ మీద పుట్టడం వల్ల రాదు. సల్మియాలోనో ఫర్వానియాలోనో ఆస్పత్రిలో పుట్టి, అక్కడి ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి దాకా చదివిన రాజంపేట పిల్లవాడు చట్టం కంటికి నిన్న విమానం దిగినవాడితో సమానం. చదువు అయిపోయాక తండ్రి మీద ఆధారపడిన అకామా చెల్లదు. సొంతంగా ఉద్యోగం వెతుక్కుని అకామా కొట్టించుకోవాలి, లేదా తిరిగి రావాలి.

బయటివాళ్ళకు చట్టం బొత్తిగా తలుపు వేయలేదు. నాలుగో ఆర్టికల్ ఉంది. అరబ్బు దేశాలవాళ్ళు 15 ఏళ్ళు, మిగతావాళ్ళు 20 ఏళ్ళు వరుసగా, చట్టబద్ధంగా అక్కడ ఉండాలి. న్యాయమైన సంపాదన ఉండాలి, పరువు తక్కువ నేరంలో శిక్ష పడి ఉండకూడదు, అరబ్బీ రావాలి, దేశానికి అవసరమైన నైపుణ్యం ఉండాలి. పుట్టుకతో ముస్లిం అయి ఉండాలి, లేదా మతం మారి కనీసం ఐదేళ్ళు అయి ఉండాలి. ఈ మతం షరతు 1980లలో చేరింది. దానితోనే మనవాళ్ళలో ఎక్కువమంది పక్కకు పోతారు. రాయచోటి, కడప ముస్లింలు చాలామందికి ఆ షరతు అడ్డం కాదు. యజమాని ఇంట్లో పిల్లల్ని పెంచి, వండిపెట్టి, బండి నడిపి, మాట్లాడే అరబ్బీ కూడా పట్టుబడినవాళ్ళు వాళ్ళలో ఎందరో ఉన్నారు. అయినా డ్రైవింగునో వంటనో దేశానికి అవసరమైన నైపుణ్యమని ఒప్పించాలి. పైగా పాత అకామా రద్దు చేసుకుని ఇంటికొచ్చి, కొన్నాళ్ళకు కొత్త వీసా మీద వేరే కఫీల్ దగ్గరికి పోయేవాళ్ళే ఎక్కువ. అలా ముక్కలు ముక్కలుగా గడిచిన పాతికేళ్ళను వరుసగా ఇరవై ఏళ్ళని చూపించడం ఎలా? 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగాక దాదాపు 1,70,000 మంది భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తెచ్చారు. ఆ తరం వాళ్ళ కువైట్ జీవితం అక్కడే రెండు ముక్కలైంది.

ఇన్నీ కుదిరాయనుకుందాం. అప్పుడు కూడా పౌరసత్వం ఇవ్వడం ప్రభుత్వం ఇష్టమే. హోం మంత్రి సిఫారసు చేస్తే డిక్రీ ద్వారా ఇవ్వవచ్చని చట్టం అంటుంది తప్ప, షరతులు నెరవేరిన వాడికి ఇచ్చి తీరాలని అనదు. ఇన్ని నెలల్లో జవాబు చెప్పాలన్న గడువు దరఖాస్తుదారు చేతిలో లేదు. పౌరసత్వం సార్వభౌమాధికారానికి సంబంధించిన విషయమని, దాన్ని ఇవ్వడం ఇవ్వకపోవడం కోర్టులు విచారించరాదని కువైట్ చట్టాలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. ఆలస్యమైందని ఫిర్యాదు చేయాలన్నా, ఫలానా రోజుకు ఇవ్వాల్సిందని ఎవరో ఎక్కడో ఒప్పుకుని ఉండాలి కదా!

ఒకవేళ వచ్చినా, మూడు నెలల్లో పాత దేశపు పౌరసత్వం వదులుకున్నట్టు రుజువు చూపాలి. మన చట్టం కూడా అటువంటిదే. ఇష్టపూర్వకంగా మరో దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణం భారత పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఓటు లేదు. పార్లమెంటుకు పోటీ చేసే హక్కూ లేదు. అంటే ఇరవై ఐదేళ్ళ వయసులో కువైట్‌లో దిగినవాడు అన్నీ సక్రమంగా జరిగి నలభై ఐదో ఏట పౌరుడైతే, మొదటిసారి ఓటు వేసేనాటికి అరవై ఐదు నిండుతాయి. అప్పటికి ఓటు వేయడానికి పార్లమెంటంటూ ఉండాలి. 2024 మే 10న అమీర్ షేక్ మిషాల్ అల్ అహ్మద్ పార్లమెంటును రద్దు చేసి, రాజ్యాంగంలో కొన్ని అధికరణల్ని నాలుగేళ్ళకు మించని కాలానికి ఆపేశారు.

ఆలస్యం అనే మాట బరువు కువైట్‌లో బిదూన్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఏ దేశపు పౌరులూ కానివాళ్ళు వీళ్ళు. 1960లలో కమిటీలు ఊరూరా పేర్లు రాసుకున్నప్పుడు ఎడారిలో ఉండో, చదువు రాకో, కాగితం లేకో నమోదు కాని కుటుంబాలు ఎన్నో. వాళ్ళ పిల్లలు, మనవలు కలిపి ఇప్పుడు దాదాపు లక్ష మంది. 1965 జనాభా లెక్కల్లో పేరున్నవాళ్ళకూ, వాళ్ళ వారసులకూ ఏటా 2,000 మంది దాకా పౌరసత్వం ఇవ్వవచ్చని 2000లో ఒక చట్టం వచ్చింది. ఆ పరిమితి ఉన్నది పైకి మాత్రమే, కింద ఇంతమందికైనా ఇవ్వాలన్న లెక్క లేదు. 2010లో వీళ్ళ కోసమే ఒక కేంద్ర సంస్థను పెట్టారు. నిరీక్షణ మూడో తరానికి వచ్చింది.

ఇక ఫీజుల సంగతి. పౌరసత్వం కోసం కట్టని డబ్బు అక్కడ ఉండటం కోసం ఏటా కడుతూనే ఉండాలి. 2025 డిసెంబర్ 23న అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు చాలా రకాల అకామాలకు ఏడాది రుసుమును 10 దినార్ల నుంచి 20 దినార్లు చేశాయి. ఆరోగ్య బీమా 50 నుంచి 100 దినార్లయింది. రెండూ కలిపితే మనిషికి 120 దినార్లు, మన డబ్బులో ముప్పై నాలుగైదు వేలు. భార్యను, ఇద్దరు పిల్లల్ని పెట్టుకున్న ఉద్యోగి వాళ్ళ ముగ్గురికే ఏటా లక్ష రూపాయలు దాటించాలి. ఈ రేటున ఒక్క మనిషికి ఇరవై ఏళ్ళకు 2,400 దినార్లు, దాదాపు ఏడు లక్షల రూపాయలు.

దీని పక్కన బ్రిటన్‌ను పెట్టి చూడాలి. పౌరసత్వానికి ప్రపంచంలో గట్టిగా పిండే దేశాల్లో అదొకటి. 2025 ఏప్రిల్‌లో దరఖాస్తు, ప్రమాణ కార్యక్రమం కలిపి 1,735 పౌండ్లు చేసింది. సుమారు రెండు లక్షల రూపాయలు. అంతకు ముందు మెట్టయిన శాశ్వత నివాసానికి అప్పుడు ఇంకో 3,029 పౌండ్లు ఉండేది, మధ్యలో వీసా ఖర్చులు సరేసరి. లండన్‌లో తెలుగు కుటుంబాలు ఈ ఫీజుల మీద గొణగడంలో న్యాయముంది. కాకపోతే కట్టిన ఏడాదిలోపో కాస్త అటూ ఇటూగానో చేతికి పాస్‌పోర్టు వస్తుందన్న నమ్మకం మీద గొణుగుతారు. కువైట్‌లో కట్టే 120 దినార్లు మళ్ళీ వచ్చే ఏడాది దాకా ఉండనివ్వడానికి.

కువైట్ చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగాలకిచ్చే 18 నంబరు అకామా మీద ఉన్న కార్మికుడి ఖర్చు కంపెనీదే. ఆజాద్ వీసా మీద పోయినవాడి కథ వేరు. కాగితం మీద ఒకరి దగ్గర పని, నిజంగా ఎక్కడ దొరికితే అక్కడ పని. ప్రభుత్వం రుసుములతో పాటు పేరు పెట్టుకోనిచ్చినందుకు కఫీల్‌కూ ముట్టజెప్పాలి. ఇది నేరమని అందరికీ తెలుసు, అయినా దశాబ్దాలుగా నడుస్తోంది. 2024 జూన్ నుంచి కొత్త వర్క్ పర్మిట్‌కు అదనంగా 150 దినార్లు వేశారు. అది కూడా చివరికి ఊళ్ళో వీసా కొనుక్కునేవాడి అప్పులోనే కలుస్తుంది.

కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెల జీతం 800 దినార్లుండాలని 2024 జనవరిలో నిబంధన వచ్చింది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు 2016లో కువైట్ ఖరారు చేసిన కనీస జీతం 60 దినార్లు. పన్నెండు నెలలకు 720. ఇంటి యజమాని బిడ్డను ఎత్తుకు పెంచే కోనసీమ ఆడమనిషి ఏడాదంతా సంపాదించేది, తన బిడ్డను దగ్గర పెట్టుకోవడానికి ఒక్క నెలలో ఉండాల్సిన జీతానికి కూడా చాలదు.

వయసు మీద పడితే ఏమిటి? దీర్ఘకాలం ఉన్నవాళ్ళ పట్ల ఏ దేశమైనా కాస్త మెత్తబడుతుందని అనుకుంటాం. కువైట్‌లో 2021 జనవరి నుంచి అరవై ఏళ్ళు దాటి, డిగ్రీ లేనివాళ్ళ వర్క్ పర్మిట్ల రెన్యువల్ ఆపేశారు. మేస్త్రీలు, డ్రైవర్లు, దర్జీలు, చిన్న దుకాణాలవాళ్ళు, అంటే అందరికన్నా ముందు వచ్చిన తరం. గొడవ అయ్యాక 2022లో ఏటా 250 దినార్ల రుసుము, దానిపైన ప్రైవేటు బీమా కడితే ఉండొచ్చన్నారు. ఆ తర్వాత దాన్నీ సడలించారు. ఈలోగా ఎంతోమంది పెట్టె సర్దుకున్నారు.

కువైట్‌ను ఒక్కదాన్నే తప్పు పట్టడం సరికాదు, గల్ఫ్ అంతా దాదాపు ఇదే తీరు. ఖతార్ 2005 చట్టం 25 ఏళ్ళ నివాసం అడుగుతుంది. యూఏఈ 2021లో డాక్టర్లు, శాస్త్రవేత్తలు, పెట్టుబడిదారులు వంటివాళ్ళకు పౌరసత్వం తెరిచింది. దానికీ మనంతట మనం దరఖాస్తు పెట్టుకునే వీలు లేదు, పాలకులో అధికారులో పేరు సూచించాలి. ఉన్నంతలో ఒమన్ తీరు స్పష్టంగా ఉంది. పౌరసత్వం దరఖాస్తుకు 600 రియాళ్ళ రుసుమని 2019లో ప్రకటించింది. 2025లో కొత్త చట్టం తెచ్చి 15 ఏళ్ళ నిరంతర నివాసం అని, ఏడాదిలో 90 రోజులకు మించి దేశం బయట ఉండకూడదని రాసింది. గల్ఫ్‌లో ఇలా రేటు, లెక్క రెండూ రాసి పెట్టడమే విశేషం.

ఇంత కష్టం మీద వచ్చిన పౌరసత్వమైనా నిలుస్తుందా అన్నది గత రెండేళ్ళలో కువైట్‌ను కుదిపేసిన ప్రశ్న. 2024 మార్చి నుంచి పౌరసత్వాల తనిఖీ పెద్ద ఎత్తున మొదలైంది. హోం మంత్రి షేక్ ఫహద్ యూసుఫ్ అల్ సబా నాయకత్వంలోని ఉన్నత కమిటీ వారం వారం పేర్ల జాబితాలు తయారుచేసింది. దొంగ కాగితాలతో, రెండు పాస్‌పోర్టులతో ఉన్నవాళ్ళతో మొదలై, కువైటీని పెళ్ళాడి పౌరులైన విదేశీ మహిళల దాకా వెళ్ళింది. దేశానికి చేసిన గొప్ప సేవలకు గౌరవంగా ఇచ్చిన పౌరసత్వాలు కూడా ఆగలేదు. గల్ఫ్ అంతటా పేరున్న గాయని నవాల్, నటుడు దావూద్ హుసేన్ 2024 డిసెంబర్‌లో ఆ జాబితాలో కనిపించారు. 2024 ఆగస్టు నుంచి 2025 మే వరకు 37,000 మందికి పైగా పౌరసత్వం పోయిందని, వాళ్ళలో కనీసం 26,000 మంది ఆడవాళ్ళని ఏఎఫ్‌పీ వార్తాసంస్థ లెక్క తేల్చింది. 2024 డిసెంబర్‌లో వచ్చిన 116వ నంబరు డిక్రీ చట్టంతో పెళ్ళి ద్వారా పౌరసత్వం అన్న దారి కూడా మూసుకుపోయింది.

ఈ ఆడవాళ్ళ పరిస్థితే అన్నిటికన్నా ఇబ్బందికరం. కువైట్ షరతు ప్రకారం పుట్టిన దేశపు పౌరసత్వాన్ని ఎప్పుడో వదిలేశారు. ఇరవై ముప్పై ఏళ్ళ కాపురం తర్వాత ఒక ఉదయం బ్యాంకు కార్డు పనిచేయకపోవడంతో సంగతి తెలిసిందని కొందరు విలేకరులతో చెప్పారు. జీతాలు, పింఛన్లు కొనసాగిస్తామని, పాత పౌరసత్వం తిరిగి తెచ్చుకోవడానికి గడువు ఇస్తామని ప్రభుత్వం అంది. ఫిర్యాదుల కమిటీ కూడా ఒకటి వేసింది. వాళ్ళలో భారతదేశంలో పుట్టిన మహిళ ఉంటే ఆమె ముందున్న దారి మన పౌరసత్వ చట్టం 5వ సెక్షన్. స్వతంత్ర భారత పౌరురాలిగా ఒకప్పుడు ఉన్న మనిషి ఇక్కడికి వచ్చి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే నివసించి, మళ్ళీ పౌరురాలిగా నమోదు కావచ్చు. మొగుడు, పిల్లలు కువైట్‌లో ఉండగా ఏడాదిపాటు హైదరాబాద్‌లో కూర్చోవడం ఎంత తేలికో ఎవరికి వాళ్ళు ఊహించుకోవాలి. ఈ లోపల ఆమె చేతిలో ఏ దేశపు పాస్‌పోర్టూ ఉండదు.

ఇదంతా తెలిసే, కువైట్‌లో మంచి జీతాలున్న తెలుగు ఉద్యోగులు పౌరసత్వం కోసం కువైట్ వైపు చూడరు, కెనడా వైపో ఆస్ట్రేలియా వైపో చూస్తారు. కెనడాలో శాశ్వత నివాసం వచ్చాక ఐదేళ్ళలో 1,095 రోజులు అక్కడ ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళకు ఫీజు దాదాపు 650 కెనడా డాలర్లు. అమెరికాలో ఆన్‌లైన్ దరఖాస్తుకు 710 డాలర్లు, కాగితం మీదైతే 760. ఇంటర్వ్యూ అయిన 120 రోజుల్లో తేల్చకపోతే అక్కడి ఫెడరల్ కోర్టుకు పోవచ్చు. అమెరికాలో భారతీయుల అసలు నిరీక్షణ దానికన్నా ముందు మెట్టు దగ్గర, గ్రీన్ కార్డు దగ్గర ఉంది. దేశానికి 7 శాతమన్న పరిమితి వల్ల అది దశాబ్దాలకు పోయింది. ఏ దేశానికి వెళ్ళినా కువైట్‌లో గడిపిన ఇరవై ఏళ్ళు పౌరసత్వం లెక్కలో సున్నా. నలభై ఐదేళ్ళ వయసులో మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. అందుకే చాలామంది తమ కోసం కాకుండా పిల్లల్ని చదువుకు పంపి, వాళ్ళ పేరు మీద ఆ లెక్క మొదలుపెడతారు.

డ్రైవర్లకు, ఇంటిపనివాళ్ళకు ఆ దారి కూడా లేదు. వాళ్ళకు నిజంగా పనికొచ్చే గడువులు కొన్ని వేరే ఉన్నాయి. వాటి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. అన్నిటికన్నా ముఖ్యమైనది అక్కడ పుట్టిన బిడ్డది. 2004 డిసెంబర్ 3న గానీ ఆ తర్వాత గానీ విదేశంలో పుట్టిన బిడ్డ, తల్లిదండ్రులు ఇద్దరూ భారతీయులే అయినా, దానంతట అది భారత పౌరుడైపోదు. పుట్టిన ఏడాదిలోపు భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. కువైట్ ఎలాగూ ఇవ్వదు కనుక, ఈ నమోదు తప్పిపోతే ఆ బిడ్డకు ఏ దేశమూ లేకుండా పోయే ప్రమాదం ఉంది. కువైట్ వైపు ఇంకో గడియారం నడుస్తుంటుంది. బిడ్డకు నాలుగు నెలల్లో అకామా చేయించకపోతే రోజుల లెక్కన జరిమానా మొదలవుతుంది.

అకామా ఉన్న ఉద్యోగి ఇంట్లో ఇవి మామూలు పనులు, ఒక సెలవు రోజుతో అయిపోతాయి. అకామా పోయి, కఫీల్ దగ్గర్నుంచి బయటికొచ్చేసి, మన కార్మికులు చెప్పుకునేట్టు ఖల్లివల్లిగా బతుకుతున్న జంట ఇంట్లో బిడ్డ పుడితే మొదటి మెట్టు దగ్గరే చిక్కు. అక్కడి బర్త్ సర్టిఫికెట్‌కు పెళ్ళి కాగితం, చెల్లుబాటయ్యే బతాకా (సివిల్ ఐడీ కార్డు) అడుగుతారు. బయటపడితే పట్టుకుంటారని భయపడి ఆగిపోతారు. ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఎప్పుడొస్తుందా అని చూస్తారు. 2018లో, 2020లో, 2024 మార్చి నుంచి జూన్ చివరి దాకా అలాంటి అవకాశాలు వచ్చాయి. ఆ మధ్య కాలంలో బిడ్డ మొదటి పుట్టినరోజు దాటిపోయి ఉంటుంది. అలా దాటినా దారి మూసుకుపోదు. కేంద్ర ప్రభుత్వం అనుమతిస్తే ఏడాది తర్వాత కూడా నమోదు చేస్తారు. ఆలస్యానికి కారణం రాసి, తల్లిదండ్రుల పాస్‌పోర్టు నకళ్ళు, పుట్టినట్టు రుజువు జతచేసి రాయబార కార్యాలయంలో ఇవ్వాలి. అక్కడి నుంచి ఫైలు ఢిల్లీకి వెళ్తుంది.